అరనూలు

కృష్ణరాజపురం స్టేషను వెనక, రెండో అంతస్తు.
మెట్రో వెళ్ళినప్పుడల్లా నా గీత వణుకుతుంది.
అందుకని రైలుకీ రైలుకీ నడుమ
దొరికిన ఆరు నిమిషాల్లోనే కొలుస్తాను
ముక్కుపచ్చలారని పిల్లల ముక్కుల్ని.

పని చిన్నదే.
ఒక గొట్టం, దాని కొసన పెన్ను మూతంత తొడుగు.
ముక్కుపుటానికి ఆనించి మీట నొక్కితే
టిక్కుమని ఒక చప్పుడు లోపలికి పోతుంది.
ఇరుకు తగిలిన చోటల్లా కొంత వెనక్కి వస్తుంది.
పోయిందెంత, వచ్చిందెంత అని లెక్క కట్టి
యంత్రం తెర మీద ఒక లోయ గీస్తుంది.
లోయ ఎంత లోతుకు దిగితే
దారి అంత సన్నం.

పదకొండేళ్ళలో ఒక్క ముక్కూ సూటిగా కనపడలేదు,
ముక్కుసూటి మనుషులది కూడా.

చిక్కల్లా ఒకటే. ఆ టిక్కు అయ్యేదాకా
నోరు మూసి, గుటక వేయకుండా, ఊపిరి ఆపాలి.
అయిదేళ్ళవాడికి ఏమని చెప్పడం?
ఊపిరంటే వాడికి
కేకు మీద కొవ్వొత్తి.

గురువారం వచ్చాడు, తాత పేరు మోస్తున్న చిన్న మద్దిలేటి.
తెరిచిన నోరు. ఎండి పగిలిన పెదాలు.
కళ్ళకింద నిద్రలేని నీలం.
అంగన్‌వాడీలో కన్నడం, ఇంట్లో కర్నూలు,
నాతో మాత్రం ఏ భాషా లేదు.
"ఉసిరు హిడ్కో మగా" అంది మా శశికలా సిస్టర్.
ఉసిరంటే వాళ్ళకి ఊపిరే, మనకేమో ప్రాణం.
ప్రాణం పట్టుకో అన్నట్టు వినపడి
నాకే ఒళ్ళు జలదరించింది.
వాడు తల తిప్పేసుకున్నాడు.
నాలుగు రైళ్ళు పోయాయి.

తలుపు దగ్గర తండ్రి, గిడ్డయ్య.
మోచేతుల దాకా తెల్లటి పొడి.
ఎవరెవరి ఇళ్ళకో టైల్స్ కోస్తాడట.
"ముందు నన్ను కొలువు మేడమ్, వాడు సూస్తాడు."

నేను చెప్పకముందే కళ్ళు చికిలించి
పెదాలు బిగించి రాయిలా ఆగిపోయాడు.
అంత నున్నటి గీత
డాక్టర్ల ముక్కుల్లో కూడా నేను తీయలేదు.
"ఎక్కడ నేర్చుకున్నావు?"
"నేర్సుకునేదేముంది మేడమ్. మిషను రాయిని తాకితే
దుమ్ము లేస్తాది. అది తేరేదాకా పీల్చం."

ఆ మాటకి పిల్లాడు నవ్వాడు.
వాడికి తెలిసిన ఆటే,
షెడ్డులో నాయన పక్కన కూచొని రోజూ ఆడేదే.
కళ్ళు చికిలించాడు. పెదాలు బిగించాడు.
రైలు రాలేదు.
టిక్కు.

కుడివైపు, అన్నిటికన్నా ఇరుకైన చోట
సున్నా పాయింట్ ఒకటి తొమ్మిది చదరపు సెంటీమీటర్లు.
"మా లెక్కలో సెప్పు మేడమ్, ఎన్ని నూళ్ళు?"
నాకు తెలిసిన నూలు చీరల నూలే.
జేబులోంచి టేపు తీసి చూపించాడు,
అంగుళంలో ఎనిమిదో వంతు.
కాగితం మీద గుండ్రం గీసి, అడ్డంగా కొలిచి
ఒకటిన్నర నూలు, అన్నాను.

ముక్కులో చుక్కలు వేశాం. పది నిమిషాలు కూచోబెట్టాం.
మళ్ళీ ఆట. మళ్ళీ టిక్కు.
లోయ పైకి లేచింది. రెండు నూళ్ళు!
ఎముకకేం లేదు, పొర వాచిందంతే అన్నాను
శుభవార్త చెప్పే గొంతుతో.
ఎందుకు వాచిందో డాక్టరు రాస్తారు.
దుమ్ముకు దూరంగా ఉంచాలి, అన్న లైను మాత్రం
ఎవరూ రాయక్కర్లేదు.
చీటీ మీద ముందే అచ్చయి ఉంటుంది.

గిడ్డయ్య చీటీ చూడలేదు.
టేపు మీద రెండు గీతల మధ్య ఖాళీని
బొటనవేలి గోటితో పట్టుకొని ఉన్నాడు.
"అరనూలు తేడా వస్తే మా మేస్త్రీ
పరిచిన బండలన్నీ పీకిస్తాడు మేడమ్."

మెట్లు దిగుతున్నాడు పిల్లాడు
నాయన వేలు పట్టుకొని,
చుక్కల పుణ్యాన నోరు మూసుకొని.
ఆ మందు ఆరేడు గంటలు పనిచేస్తుంది.

రైలు వచ్చింది.
గొట్టానికి ఎవరి ముక్కూ లేకుండానే
తెర మీద గీత వణికింది.